హాల్వర్సన్‌కి బదులు వెళ్ళినవాడు

కార్వెల్, సస్కాచెవాన్
జనవరి 14, 1993, గురువారం

స్టర్జన్ బెండ్‌లో ఉన్న డోరీన్ మెక్‌ఫేల్ గారికి,

కార్వెల్ నుంచి పౌలీన్ స్లోబొడా నమస్కరించి రాస్తున్నది. ఈ చలిలో మీ ఇంటి పొయ్యి ఆరకుండా, మీరూ మీవారూ వెచ్చగా ఉండాలని కోరుకుంటున్నాను. మేమిక్కడ బాగున్నామని రాయడం మర్యాద. ఆ ఒక్క ముక్కా మటుకు నన్ను అడక్కండి.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. మా ఇంట్లో ఉత్తరాలు రాసేది మా ఆయన నెస్టర్. ఆయన్ని రాయమంటే, "నా వల్ల కాదు పౌలీన్, ఈ ఒక్కటీ నువ్వే రాయి" అని గొడ్ల పాకలోకి వెళ్ళిపోయాడు. అంచేత తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మన హాకీ లీగులో ఆనవాయితీ ఉంది కదా, కుర్రాడు జట్టు మారితే, అప్పటిదాకా ఇంట్లో పెట్టుకుని వండిపెట్టిన ఆవిడ కొత్త ఇంటావిడకి నాలుగు ముక్కలు రాసి పంపాలని. మీరు రాసింది మీ ఇంట్లో ఉన్న హాల్వర్సన్ తన కర్రల సంచిలో పెట్టుకుని తెచ్చాడు. పాలు గటగటా తాగేస్తాడనీ, ఓడిన రోజు ఎవరూ పలకరించకూడదనీ, పైకి అలా కనిపిస్తాడు గానీ ఉరుములంటే భయమనీ రాశారు. చదువుతుంటే మీరు వాణ్ణి ఎంత బాగా చూసుకున్నారో తెలిసింది. కానీ అతను మా ఇంట్లో దిగలేదండీ. గది ఖాళీ అయింది కదా, మీ ఇంట్లోనే పెట్టుకోండి అని జట్టు వాళ్ళు అడిగారు. నేను ఒప్పుకోలేదు. మీ కుర్రాడి మీద నాకు కోపం లేదు, వాడేం చేశాడు పాపం. ఇప్పుడు బార్బర్ లూయీ వాళ్ళింట్లో ఉంటున్నాడు. మీ ఉత్తరం లూయీ భార్యకి నా చేత్తోనే ఇచ్చాను. ఆవిడ దగ్గర పాలకి కొదవ లేదు, బెంగపడకండి.

ఇక ట్రెవర్ ఓక్స్ సంగతి. వాడు మీ దగ్గరకి వచ్చి నాలుగు రోజులవుతోంది, ఈపాటికి కొంత మీరే కనిపెట్టి ఉంటారు. ఒకసారి వడ్డించగానే కడుపు నిండిందంటాడు. నమ్మకండి. మొహమాటం. మళ్ళీ అడగండి, ఆ తర్వాత అడక్కుండా వడ్డించెయ్యండి. పుట్టగొడుగులు తినడు, పారేస్తే మీరు నొచ్చుకుంటారని బంగాళాదుంపల కింద దాచిపెడతాడు. వాడు సముద్రం పక్కన పుట్టిన పిల్లాడు, ప్రిన్స్ రూపర్ట్ వాడు. మన పొడి చలి వాడికి పడదు, జనవరి వచ్చిందంటే ముక్కులోంచి రక్తం కారుతుంది. వాడు పడుకునే గదిలో వేడి వచ్చే చోట ఒక గిన్నెడు నీళ్ళు పెట్టండి. వాళ్ళమ్మ చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఆదివారం మధ్యాహ్నం ఫోను చేస్తుంది.

ఎడమ మడమ ఒకటి చూసుకోండి. పక్ బిళ్ళ గోలు వైపు దూసుకొస్తుంటే మిగతా వాళ్ళు కర్ర అడ్డం పెడతారు, వీడు ఒళ్ళు అడ్డం పెడతాడు. ఎక్కడ తగిలిందో చెప్పడు. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నాడో చూస్తే మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో వాడితో పాటు ఇంకో కుర్రాడు ఉండేవాడు. మా అబ్బాయి మైరన్. మాకు చాలా ఆలస్యంగా పుట్టాడు, ఒక్కడే. హాకీ అంటే ప్రాణం గానీ ఆట రాదు. బూటు బ్లేడు మీద నిలబడితే మడమలు రెండూ లోపలికి వంగిపోయేవి. అందుకని రింకులో ఐసు చదును చేసే బండి తోలేవాడు. ఆట మధ్యలో విరామం రాగానే బండి వేసుకుని బయల్దేరితే జనం ఊరుకునేవాళ్ళు కాదు. "ఒరే మైరనూ, ఆ మూల ఎవరికి వదిలావు, మీ మామకా?" అని గస్ ఓల్సన్ అరిచేవాడు. వీడు టోపీ తీసి రాజుగారిలా దణ్ణం పెట్టి, నిజంగానే వెనక్కి తిప్పి ఆ మూల మళ్ళీ తుడిచేవాడు. మా జట్టు గోల్స్ కంటే అదే ఎక్కువ నవ్వించేది జనాన్ని.

ట్రెవర్ మా ఇంటికి వచ్చి మూడో చలికాలం ఇది. వచ్చిన వారానికే ఇద్దరూ ఒకే సబ్బు, ఒకే దువ్వెన. ఒకడి మేజోళ్ళు ఇంకొకడు వేసుకుపోయేవాడు. నేను తిడితే ఇద్దరూ కలిసి నామీదికే తిరగబడేవాళ్ళు.

పోయిన మార్చిలో గడ్డకట్టిన సరస్సు మీద మేం చేపలు పట్టే గుడిసె తీసుకురావడానికి మంచుబండి వేసుకుని మైరన్ వెళ్ళాడు. మార్చి సగానికల్లా గుడిసెలు తీసెయ్యాలి కదా. "ఆదివారం దాకా ఆగరా, నాకు ప్రాక్టీసు ఉండదు, నేనూ వస్తా" అన్నాడట ట్రెవర్. వీడు ఆగలేదు. వాగు వచ్చి కలిసే చోట ఐసు పలచబడి ఉంది. అంతే. ఇంతకంటే రాయలేను డోరీన్ గారూ.

వేసవి అయిపోయి జట్టు మళ్ళీ కూడేటప్పటికి, మేనేజరు వాల్టర్ రెంపెల్ మా ఇంటికి వచ్చి వంటింటి బల్ల దగ్గర టోపీ నలుపుతూ కూర్చున్నాడు. "ట్రెవర్‌ని ఈ ఏడు వేరే ఇంట్లో పెడదామా పౌలీన్? నీకు కష్టంగా ఉంటుందేమో" అన్నాడు. నేను వీల్లేదన్నాను. వేరే ఇంట్లో పెడితేనే కష్టం అన్నాను. ఇంట్లో ఆ వయసు కాళ్ళ చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు నాకు. ఆ చప్పుడు ఎవరిదైనా సరే.

నాకు తెలియనిది కాదు. ఈ వసంతంతో వయసు దాటి వాడి జూనియర్ ఆట అయిపోతుంది. తర్వాత ఎటో వెళ్ళేవాడే. నేనేం వాణ్ణి కట్టేసుకుందామనుకోలేదు. మార్చి దాకా ఉండాలనుకున్నాను, అంతే. మార్చిలో మైరన్ పోయి ఏడాది. మా చర్చిలో ఫాదర్ వాడి పేరు మీద ప్రార్థన చదువుతాడు. ఆ రోజు నా పక్కన నెస్టర్ ఒక వైపు, ట్రెవర్ ఒక వైపు నిలబడితే నేను నిలబడగలనని అనుకున్నాను.

అంతలో మీ హాల్వర్సన్ పేరు వచ్చిపడింది మా ఊళ్ళోకి.

రింకులో తినుబండారాల కౌంటరు నాదే. కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్నంతసేపూ ఊళ్ళో పనీపాటా లేని పెద్దమనుషులంతా నా కౌంటరు దగ్గర కాఫీ పట్టుకుని కూర్చుంటారు. ఆటగాళ్ళని కొనేదీ అమ్మేదీ వీళ్ళే అన్నట్టు మాట్లాడుకుంటారు. కొత్త సంవత్సరం ముందు నుంచీ ఇదే రభస. గస్ ధాన్యం నిల్వచేసే ఎలివేటర్లో పనిచేసి దిగిపోయినవాడు. "హాల్వర్సన్ గోలు ముందు పక్ అందుకున్నాడంటే, అక్కడ కాసే ఆ గోలీ వాళ్ళమ్మని తలుచుకోవాల్సిందే. వాడొస్తే ఈ ఏడు కప్పు మనదేరా లూయీ. నేను చచ్చేలోగా ఒక్కసారి చూడాలి" అనేవాడు. లూయీ ఊరుకుంటాడా, "చస్తా చస్తా అని పదేళ్ళ నుంచి బెదిరిస్తున్నావు. ముందు ఆ పని కానియ్యి, కప్పు సంగతి మేం చూసుకుంటాం" అనేవాడు. "ముందు ఒకడు కొడితే సరిపోతుందా, వెనక కాసేవాడు అక్కర్లేదా? నువ్వు కాస్తావా ఆ మోకాళ్ళతో?" అని మళ్ళీ లూయీయే. "నా మోకాళ్ళ జోలికి రాకు. నీ కత్తెర కంటే నయంగానే ఉన్నాయి, వచ్చి నా చెవి చూడు ఎలా చెక్కావో" అని గస్. ఇలా సాగేది. నేను ఫ్రైలు వేయిస్తూ నవ్వుకునేదాన్ని కూడా. ఆ రోజుల్లో నవ్వు వచ్చిందంటే అక్కడే.

ఒకరోజు గస్ కొత్త కబురు మోసుకొచ్చాడు. స్టర్జన్ బెండ్ వాళ్ళకి మన చిన్న గోలీ కావాలట, వాడితో బాటు డిఫెన్సులో ఆడే ముదురు కుర్రాడొకడు కావాలట. "దానికేముంది, ఆ ఓక్స్ కుర్రాణ్ణి ఇచ్చి పారెయ్యమను రెంపెల్‌ని. గోలు కొట్టి ఎన్నాళ్ళయిందో వాడికే గుర్తుండదు" అన్నాడు. లూయీ బల్ల కింద వాడి కాలు మీద తన్నాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. ఇద్దరూ నావైపు తిరిగారు. గస్ మెడదాకా ఎర్రబడిపోయి, "నేనంటున్నది వేరే ఓక్స్ గురించి" అన్నాడు. "మన జట్టులో ఎంతమంది ఓక్స్‌లున్నారు గస్?" అని అడిగాను. వాడు కాఫీ కప్పులో మొహం పెట్టుకున్నాడు.

ఆ పూట ఫ్రైలు మాడిపోయాయి.

జనవరి మూడో తారీఖు, ఆదివారం, రింకు పైనున్న హాల్లో అభిమానుల సంఘం మీటింగు పెట్టారు. నిలబడడానికి చోటు లేదు. రెంపెల్ ముందు కుర్చీలో కూర్చుని, పదో తారీఖుతో మార్పిళ్ళకి గడువు అయిపోతుంది, మీ మాట కూడా వింటాను అన్నాడు. ఒకడు హాల్వర్సన్ మోకాలికి ఆపరేషన్ అయిందన్నాడు. ఇంకొకడు అది వాడి మోకాలు కాదు, వాళ్ళ బాబాయి మోకాలు అన్నాడు. గోలీని ఇస్తే వచ్చే ఏడు ఏం తింటాం అని ఒకావిడ. ఇలా అరుచుకుంటుంటే గస్ లేచాడు. వాడెప్పుడూ వెక్కిరిస్తూ మాట్లాడేవాడు, ఆ రోజు అలా మాట్లాడలేదు. "ఎలివేటర్ మూసేస్తున్నారు. రైలు పట్టాలు పీకేస్తున్నారు. వచ్చే ఏడు బడి ఉంటుందో ఉండదో. ఇంకో పదేళ్ళకి కార్వెల్ అంటే ఎక్కడ అని అడుగుతారు జనం. పోయే ముందు ఈ ఊరు ఒక్క కప్పు అడుగుతోంది. అది తప్పా?" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధం కాదు, నాకూ తెలుసు.

నేను జీవితంలో ఎప్పుడూ నలుగురి ముందు నోరు విప్పలేదు. ఎలా లేచానో తెలియదు. "మీకు కప్పు కావాలి, తెచ్చుకోండి. గోలీని ఇవ్వండి, ఎవరినైనా ఇవ్వండి. ట్రెవర్‌ని మటుకు మార్చి దాకా నాకు వదిలెయ్యండి. ఇంకేం అడగను" అన్నాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. గస్ టోపీ తీసేశాడు. రెంపెల్ లేచి నిలబడి, అందరూ వినేలాగా, "ట్రెవర్ పేరు ఈ మార్పిడిలో ఉండదు. ట్రెవర్ లేకపోతే వాళ్ళు కుదరదంటే, హాల్వర్సన్ మనకి లేడు. అయిపోయింది" అన్నాడు. ఆ హాల్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు డోరీన్ గారూ. అంతగా కావాలనుకున్న వాణ్ణి నాకోసం వదులుకున్నారు. మెట్ల దగ్గర గస్ నా చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో అలాంటి కుర్రాడుంటే నేనూ ఇవ్వను పౌలీన్, తప్పుగా అనుకోకు" అన్నాడు.

ట్రెవర్ మీటింగుకి రాలేదు. ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. "మీరు లేచి మాట్లాడారా మిసెస్ స్లోబొడా? అంతమందిలో?" అని అడిగాడు. అవునన్నాను. వంగి బూట్ల లేసులు విప్పుతూ చాలాసేపు అలాగే ఉండిపోయాడు. సంతోషం పట్టలేక అలా ఉన్నాడనుకున్నాను.

ఆరో తారీఖు మాకు క్రిస్మస్ ముందు రోజు. మా ఉక్రెయిన్ వాళ్ళ లెక్క పాత క్యాలెండరుది, మీకు తెలిసే ఉంటుంది. ఆకాశంలో మొదటి చుక్క కనబడ్డాక బల్ల దగ్గర కూర్చుంటాం, మాంసం లేకుండా పన్నెండు రకాలు. బీట్‌రూట్ చారు, చేప, బంగాళాదుంప కూరిన పెరోగీలు, అన్నీ చేశాను. పోయిన ఏడు మైరన్ ఉన్నాడు, ఈ ఏడు చెయ్యలేననుకున్నాను గానీ ట్రెవర్ ఉన్నాడు కదా అని చేతులు ఆడాయి. పోయినవాళ్ళకి కూడా ఒక పళ్ళెం పెట్టడం మాకు అలవాటు. మైరన్ కూర్చునే చోట పెట్టాను. తేనె, గసగసాలు వేసిన గోధుమల కుత్యా ముందు అందులోనే వడ్డించాలి. అది ఎవరూ తినరు, తెల్లారేదాకా బల్ల మీదే ఉంచేస్తాం. వడ్డించాను. మరి నాకేమైందో, ఆ పళ్ళెం తీసి పక్కనున్న ట్రెవర్ ముందుకి జరిపి, "తిను నాన్నా" అన్నాను. నెస్టర్ చేతిలో చెంచా ఆగిపోయింది. ట్రెవర్‌కి ఆ పళ్ళెం ఎవరిదో తెలుసు, మూడేళ్ళుగా చూస్తున్నాడు. అయినా ఒక్క మాట అనకుండా, తలెత్తకుండా, గింజ మిగల్చకుండా తినేశాడు. అంత మంచి పిల్లాడండీ వాడు. చాలా నెలల తర్వాత ఆ రాత్రి నాకు కళ్ళు మూతపడ్డాయి.

శనివారం మధ్యాహ్నం రేడియోలో చెప్పారు. కార్వెల్ మిల్లర్స్‌కి డీన్ హాల్వర్సన్, బదులుగా చిన్న గోలీ, ట్రెవర్ ఓక్స్. నేను పిండి కలుపుతున్నాను. ఆ చేతులతోనే రెంపెల్‌కి ఫోను చేశాను. ఏం తిట్టానో గుర్తు లేదు, నెస్టర్ ఫోను లాక్కోబోయాడంటే చూడండి. మాట తప్పావన్నాను. నా బిడ్డ చావు మీద కప్పు పెట్టుకుని తాగుతావా అన్నాను. ఆయన సంజాయిషీ చెప్పలేదు. "అవును పౌలీన్. తప్పు నాదే" అని ఊరుకున్నాడు. తప్పు నీదైతే దిద్దుకో అన్నాను. కాగితాలు వెళ్ళిపోయాయన్నాడు.

ట్రెవర్ సాయంత్రం వచ్చి సామాను సర్దుకున్నాడు. "రెంపెల్ మాట తప్పాడు చూశావా" అంటే తల ఊపాడో లేదో కూడా తెలియదు. ఆదివారం పొద్దున నెస్టర్ బస్సు దగ్గర దింపి వచ్చాడు. నేను వెళ్ళలేదు. గుమ్మంలో పెరోగీల డబ్బా చేతిలో పెట్టాను. గట్టిగా పట్టుకున్నాడు నన్ను. తర్వాత వదిలేశాడు.

ఊరు రెండుగా చీలిపోయింది. హాల్వర్సన్ వచ్చాడని సంబరపడేవాళ్ళు కూడా రెంపెల్ ఎదురుపడితే రోడ్డు దాటేస్తున్నారు. అందరి ముందు ఇచ్చిన మాట కదా. సోమవారం ఆయన జుట్టు కత్తిరించుకోవడానికి వెళితే, లూయీ ఒక వైపు కత్తిరించి, గుడ్డ దులిపి, "రెండో వైపు కూడా చేస్తానని మాట ఇచ్చాను గానీ, మాటలకేముందిలే వాల్టర్" అని కుర్చీలోంచి లేపేశాడట. ఆయన దులుపుకుని అలాగే వెళ్ళిపోయాడట. ఆ సగం తలతోనే తిరుగుతున్నాడు. నాకు మంచి పని జరిగిందనిపించింది. నిజం రాస్తున్నాను, కడుపు చల్లబడింది.

మంగళవారం హాల్వర్సన్ మొదటి ఆట. మీవాడు రెండు గోల్స్ కొట్టాడు, చెప్పుకోకపోతే తప్పు. జనం లేచి పైకప్పు ఊడిపడేలా అరిచారు. అయినా ఓడిపోయాం. వెనక కాసేవాడు లేక మా గోలులోకి ఎవరు పడితే వాళ్ళు నడిచి వచ్చారు. "చెప్పానా లేదా" అని లూయీ, గస్‌తో. గస్ గోడవైపు తిరిగి కాఫీ తాగుతున్నాడు. విరామంలో ఐసు బండి ఇప్పుడు ఇంకొకడెవరో తోలుతున్నాడు, బాగానే తోలుతున్నాడు, ఏ మూలా వదలడు, ఎవరూ అరవరు. నేను ఆ రాత్రే కౌంటరు తాళాలు ఇచ్చేసి వచ్చాను. ఇంక వెళ్ళను.

అమ్మా డోరీన్ గారూ, మీకూ బాధ లేకపోదు. మీవాడూ మీ ఇంట్లోంచి వచ్చాడు. కానీ మీకు వేరొకడు వచ్చాడు, నేను వద్దనుకున్నాను, తేడా అంతే. మార్చి పద్నాలుగున వాడికి మైరన్ సంగతి ఒకసారి గుర్తు చెయ్యండి. రమ్మనడం లేదు, ఆ వారం మీకు ఆటలుంటాయి, పంపరని తెలుసు. వాడి మడమ చూసుకోండి. నీళ్ళ గిన్నె మర్చిపోకండి.

మీ ఇంటి దీపం చల్లగా వెలగాలని కోరుకుంటూ,
పౌలీన్ స్లోబొడా

తా.క. జనవరి 18, సోమవారం.

పైనంతా రాసి కవరులో పెట్టాను గానీ ఊళ్ళోకి వెళ్ళి పోస్టు చెయ్యబుద్ధి కాలేదు. మంచిదే అయింది. అందులో రాసింది నిజం కాదండీ. నాకు తెలిసినంతవరకే రాశాను. చించేద్దామనుకున్నాను, మళ్ళీ అంతా రాసే ఓపిక లేదు, దీన్ని కూడా కలిపి చదువుకోండి.

నిన్న మీ ఇంటి నుంచే ట్రెవర్ ఫోను చేశాడు. లూయీ చేసిన జుట్టు సంగతి జట్టు కుర్రాడెవరో వాడికి చెప్పాడట. నవ్వుతూ చెప్పి ఉంటాడు. వీడు తట్టుకోలేకపోయాడు. "రెంపెల్ గారి తప్పేం లేదు మిసెస్ స్లోబొడా. ఆయన మీకిచ్చిన మాట మీదే ఉన్నారు. శుక్రవారం పొద్దున నేనే వెళ్ళి అడిగాను, నన్ను పంపెయ్యమని. ఆయన కసిరారు, ఇంటికి పో అన్నారు. నేను పోలేదు, బతిమాలాను. మీకు మటుకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఇంత అవుతుందనుకోలేదు" అన్నాడు.

నీకేం తక్కువ చేశాన్రా అని అడిగాను. కోపంతో కాదు, నిజంగా తెలియక అడిగాను. ఏమీ తక్కువ చెయ్యలేదన్నాడు. తర్వాత అన్నాడు, "నేను సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వస్తానా, మీరు ముందు నన్ను చూడరు. నా వెనక చూస్తారు. ఇంకొకరు వస్తున్నట్టు. రోజూ. ఆ తర్వాత నన్ను చూసి నవ్వుతారు. ఆ నవ్వు వచ్చేదాకా నేను గుమ్మంలో నిలబడి ఉండాలి. ఇంక నిలబడలేకపోయాను మిసెస్ స్లోబొడా."

నేనలా చూస్తానని నాకు తెలియదు డోరీన్ గారూ. ఒట్టు, తెలియదు.

నెస్టర్‌ని అడిగాను, నిజమేనా అని. ఆయన పాల బకెట్టు కింద పెట్టి కాసేపు నిలబడి, మళ్ళీ బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అదే జవాబు.

రెంపెల్ ఇంటి దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆయన కిటికీలోంచి నన్ను చూశాడు, చెయ్యి ఎత్తాడు కూడా. సగం తల. నేను తలుపు కొట్టలేదు. కొట్టి ఏమనాలి. ఊరికి చెప్పాలంటే ట్రెవర్ ఎందుకు వెళ్ళాడో చెప్పాలి, అది నా నోటితో ఎలా చెప్పను. ఆయన కూడా చెప్పడు. ఇలాగే ఉంటుంది.

మార్చి సంగతి వాడికి గుర్తు చెయ్యొద్దు. అది నేను రాయనట్టే అనుకోండి. వాడు రింకు నుంచి వచ్చి తలుపు తీస్తాడు చూడండి, అప్పుడు చేతిలో పని ఆపి వాణ్ణే చూడండి. మడమ, గిన్నె అవన్నీ తర్వాత.

ఇది రాస్తుండగానే నెస్టర్ లోపలికి వచ్చాడు. తలుపు చప్పుడు వినగానే అనుకున్నాను, ఈసారి తెలుసు కదా, ఆయన మొహమే చూడాలి, ఇంకెక్కడా చూడకూడదు అని. తల ఎత్తాను. ఆయన వెనక తలుపు పూర్తిగా మూసుకునేదాకా నా కళ్ళు అక్కడే ఉన్నాయి.